సల్ల ఎల్లేష్‌కు వచ్చిన ఫోను

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ళ సంఘంలో ముగ్గురు ఎల్లేష్‌లు ఉన్నారు. ముగ్గురి ఇంటిపేరూ ఒకటే. ఇద్దరికి తండ్రుల పేర్లు కూడా ఒకటే. అందుకని ఆధార్ కార్డు మీది పేరుతో వాళ్ళను ఎవరూ పిలవరు. వలలు అల్లేవాడు వలల ఎల్లేష్. కొన్నాళ్ళు లారీ నడిపి వచ్చినవాడు లారీ ఎల్లేష్. మూడోవాడు ఏ కాలమైనా సరే, పొద్దున చెంబెడు మజ్జిగ తాగనిదే చెరువులో దిగడు కాబట్టి సల్ల ఎల్లేష్. చల్లను అక్కడ సల్ల అంటారు.

ఒక సోమవారం ఆ సల్ల ఎల్లేష్‌కు ఫోన్ వచ్చింది. వల దులుపుతున్నవాడు చేతులు తుడుచుకుని స్పీకర్ నొక్కాడు. అవతల ఎవరో అమ్మాయి చాలా మర్యాదగా, "సల్లా ఎల్లేష్ గారేనా అండీ?" అని అడిగింది. సల్ల ఆయన ఇంటిపేరు అనుకుంది పాపం. ఒడ్డు మీదివాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం ఆయన పుట్టిన తేదీ చదివింది, ఎకరం పొలం సర్వే నెంబరు చదివింది, చిన్న బిడ్డ ఏ బడిలో చదువుతోందో కూడా చెప్పి, ఆ ఎకరం అమ్మే ఆలోచన ఉందా అండీ అని అడిగింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

సంఘం పెద్ద బాలమల్లు మొదటి నుంచీ నవ్వలేదు. సల్ల అనే మాట ఏ సర్కారు కాగితంలోనూ లేదని ఆయనకు తెలుసు. ముగ్గురు ఎల్లేష్‌లూ కలిసిపోకుండా ఎవరి పిలుపు పేరు వాళ్ళకు చేర్చి జాబితా టైపు చేసింది లోకంలో ఒక్కతే. ఆమె ఆయన మేనకోడలు శోభారాణి. బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటరు నడుపుతుంది.

ఆయన ఆ మధ్యాహ్నమే సెంటరుకు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సల్ల ఎల్లేష్ ఒక్కడికే కాదనీ, ఈ నెలలో పదకొండు మందికి ఇలాంటి ఫోన్లు వచ్చాయనీ, కొందరికి లోన్లనీ కొందరికి ప్లాట్లనీ చెప్పాడు. చివరికి అసలు మాట అన్నాడు.

"గా పేర్లు రాసింది నువ్వొక్కదానివే బిడ్డా. ఆదివారం మీటింగుల జవాబు జెప్పు. చెప్పకుంటే మా కాయితాలన్ని వాపస్ తీస్కుంటం. మేనకోడలువని నేను అడ్డం రాను."

శోభారాణి మేడ్చల్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదివింది. ఆ తర్వాత మేడ్చల్‌లోనే రమేష్ అనే ఆయన సెంటరులో ఐదేళ్ళు పనిచేసి, రెండేళ్ళ కిందట సొంతంగా ఇది పెట్టుకుంది. పట్టా నకళ్ళు, బడి దరఖాస్తులు, పింఛను కాగితాలు, పెళ్ళి పత్రికలు అన్నీ చేస్తుంది. అయితే ఆమె దుకాణం నిలబడింది చెరువు సంఘం మీదే. వాళ్ళు నమ్మి తమ కాగితాలు ఆమె చేతిలో పెట్టారు కాబట్టే మిగతా ఊరూ పెట్టింది. వాళ్ళు వెనక్కి తీసుకున్న రోజున షట్టరు దింపడం తప్ప ఆమె చేయగలిగింది లేదు. అంతకన్నా, చెరువు గట్టు మీద పుట్టిన పిల్ల తన వాళ్ళ పేర్లే అమ్ముకుందన్న మాట బతికినంత కాలం వెంట వస్తుంది.

అప్పటికే ఆమె ఇంకో బాధలో ఉంది. ఆ రెండూ ఒకటేనని అప్పుడు తెలియదు.

రెండు నెలలుగా కంప్యూటర్ సతాయిస్తోంది. డబ్బా ముందు భాగంలో హార్డ్ డిస్కు పనిచేస్తున్నప్పుడు మిణికే చిన్న ఎర్రలైటు ఉంటుంది. మామూలుగా ఫైలు తెరిచినప్పుడు రెండుసార్లు మిణికి ఊరుకునేది, ఇప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా ఆగకుండా వెలుగుతోంది. లోపల డిస్కు కరకరమని నమిలినట్టు చప్పుడు. మౌసు కదిపితే బాణం గుర్తు ఆలోచించుకుని కదిలేది. పరీక్ష ఫీజు ఆఖరి రోజున పిల్లలు వరసలో నిలబడి ఉండగా తెర బిగుసుకుపోయింది. సగం మంది వేరే చోటికి వెళ్ళిపోయారు.

ఆమె రమేష్‌కే ఫోన్ చేసి సలహా అడిగింది. ఆయన ఆమెను చెల్లె అంటాడు, ఆమె ఆయనను అన్న అంటుంది. దుకాణం తెరిచిన రోజున కొబ్బరికాయ కొట్టింది ఆయనే. తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్వయంగా ఎక్కించి ఇచ్చింది కూడా ఆయనే. డిస్కు ముసలిదైపోయింది చెల్లె, నా దగ్గరికి తీసుకురా, ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చిస్తా అన్నాడు. ఎంత మంచివాడు అనుకుంది.

బాలమల్లు వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు ఆ ఎర్రలైటునే చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక నోటుబుక్కు తీసింది. కెమిస్ట్రీ ల్యాబులో నేర్పిన పద్ధతి ఒకటి ఆమెకు ఒంటబట్టింది. ఒకసారికి ఒక్కటే మార్చు, ఏం జరిగిందో రాసుకో, రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. దుమ్ము దులిపింది, తేడా లేదు. తీగ మార్చింది, తేడా లేదు. డిస్కు ఆరోగ్యం చూసే పరీక్ష నడిపితే డిస్కు రాయిలా ఉందని వచ్చింది. రమేష్ మాట అక్కడ తప్పింది. అయినా అన్న పొరబడ్డాడనే అనుకుంది. అప్‌డేట్లు ఆపింది, తేడా లేదు. వైరస్ పరీక్షలో ఏమీ దొరకలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎండకు జనం లేనప్పుడు, ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచింది. తెరవగానే లైటు ఆరిపోయింది. మూసింది. నిమిషం తిరగకుండా వెలిగింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ ఆరింది. పంతులు గడపలో కనబడగానే బుద్ధిమంతులయ్యే పిల్లల్లాగా ఉంది వరస. ఐదుసార్లు చేసి ఐదూ రాసుకుంది. పాడైపోయిన డిస్కుకు సిగ్గు ఉండదు. ఎవరో చూస్తున్నారని ఆగేది డిస్కు కాదు, లోపల ఇంకెవరో ఉన్నారు.

ఇంటర్నెట్ తీగ పీకింది. కాసేపటికి లైటు ఆరిపోయింది. పెట్టింది, వెలిగింది. ఇంకో దారిలో చూడాలి అనుకుని రిసోర్స్ మానిటర్ తెరిచింది. అది కూడా అలాంటి కాపలాదారే, కాకపోతే దాని సంగతి లోపలున్న దొంగకు నేర్పినట్టు లేదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును చదువుతోందో వరసగా తెర మీద పారుతూ వచ్చింది. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ. తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ ఫోల్డరులో, కీబోర్డుకు సాయం చేసేదాని పేరు పెట్టుకుని కూర్చున్న ఒక ప్రోగ్రాం. దానికీ కీబోర్డుకూ సంబంధం లేదు. ఆమె స్కాన్ చేసి దాచిన కాగితాలన్నీ మొదటి నుంచీ చివరి దాకా తిరగేస్తోంది, కొత్తవి ఏరి బయటికి పంపుతోంది, మళ్ళీ మొదటికి వస్తోంది. డిస్కుకు ఊపిరాడనిది అందుకే.

బాలమల్లు పట్టా. సల్ల ఎల్లేష్ ఆధార్. సంఘం జాబితా. ఆమె చూస్తుండగానే ఆ వరసలో ఇంకో పేరు వచ్చింది. సహస్ర. నాలుగేళ్ళ తన బిడ్డ బడి దరఖాస్తు, పుట్టిన సర్టిఫికెట్, రెండు జడలు వేసి తీయించిన ఫోటో.

సహస్ర అప్పుడు బల్ల కింద కూర్చుని పాడైన ప్రింటు కాగితాల వెనక బొమ్మలు గీస్తోంది. శోభారాణి దాన్ని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అప్పటిదాకా ఉన్న భయం పోయింది. ఫోన్ తీసి తెరను వీడియో తీసింది.

సాయంత్రం భర్త శ్రీనివాస్ దూలపల్లి ఫ్యాక్టరీ నుంచి వచ్చి అంతా విని, ఆ ప్రోగ్రాం తీసి పారేయమన్నాడు. తీసేస్తే రమేష్ ఏమంటాడో ఆమెకు తెలుసు. నాకూ బజార్లో ఎవడో ఇచ్చిండు చెల్లె, లోపల ఏముందో నాకేం ఎరుక అంటాడు. నిజమేమో కూడా. అందుకే దాన్ని తీయలేదు. దాన్ని మేపి, ఆ మేత ఎవరి చేతికి చేరుతుందో చూద్దామనుకుంది.

బుధవారం కూర్చుని ఒక కొత్త ఫైలు టైపు చేసింది. "భూములు అమ్మే సభ్యులు" అని పైన పెట్టింది. రింగు రోడ్డు పక్క పట్టాలనీ, అందరూ కలిపి ఒక్కరికే అమ్ముతారనీ, ఆదివారం పది గంటలకు సంఘం షెడ్డులో మాట్లాడుకుంటారనీ, బయట తెలియనివ్వొద్దనీ రాసింది. కింద పేర్లు. బొచ్చె కిష్టయ్య. జెల్ల రాజయ్య. పరక పోచయ్య. బంగారుతీగ భారతమ్మ.

చెరువు గట్టు మీద ఏ పిల్లను అడిగినా చెబుతుంది అవన్నీ చేపలని. కానీ రమేష్ చేప ముట్టడు. ముట్టకపోతే పోయె, ఆయన దగ్గర పనిచేసిన ఐదేళ్ళూ శోభారాణి చేపల కూర టిఫిన్ తెచ్చిన రోజున వాసన అని దుకాణం బయట మెట్ల మీద కూర్చుని తినమనేవాడు. వానాకాలమైనా అంతే. చెల్లె అని పిలుస్తూనే. ఆమె గొడుగు పట్టుకుని తినేది. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు ఒక్కొక్క చేప పేరూ టైపు చేస్తుంటే ఆ మెట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

కింద ఫోన్ నెంబరు ఒక్కటే ఇచ్చింది. అది బుచ్చవ్వది. బుచ్చవ్వ బాలమల్లు తల్లి, శోభారాణికి అమ్మమ్మ. అల్వాల్ దాకా చేపల గంప మోసి అమ్మిన మనిషి. బేరంలో ఆమె నోటికి ఎదురు నిలిచినవాడు లేడు. భర్త కాక శోభారాణి ఆమె ఒక్కదానికే సంగతంతా చెప్పింది. ముసలామె అంతా విని, తిట్టొచ్చా అని మాత్రం అడిగింది. ఇప్పుడే వద్దు, ఆదివారం దాకా ఆగమంది.

ఫైలు దాచగానే ఎర్రలైటు దాని మీద వాలింది.

శుక్రవారం ఫోన్ వచ్చింది. ఈసారి ఆ మర్యాద అమ్మాయి కాదు. పెద్ద బేరం కాబట్టి మనిషి తానే దిగాడు. బుచ్చవ్వ స్పీకర్ పెట్టింది. పక్కనే ముగ్గు డబ్బా పట్టుకుని కూర్చున్న శోభారాణికి మొదటి మాటతోనే గొంతు తెలిసిపోయింది. ఐదేళ్ళు విన్న గొంతు.

"అవ్వా, భూముల ముచ్చట ఇన్న. ఆదివారం నేనొస్త. నాకన్న ముందు ఎవ్వలికి మాటియ్యకుర్రి."

"రా నాయినా," అంది బుచ్చవ్వ వెన్న పూసినట్టు. "జల్దీ రా. నీ కోసమే సూస్తున్నం."

అప్పటిదాకా శోభారాణి మనసులో ఒక మూల, ఆయన కాకుండా ఇంకెవరైనా అయితే బాగుండు అని ఉండింది. అది కూడా ఆ రోజుతో పోయింది.

ఆదివారం సంఘం షెడ్డులో చాపలు పరిచారు. నలభై మంది దాకా వచ్చారు. వాళ్ళు వచ్చింది శోభారాణి జవాబు వినడానికి. కొందరు ఆమె వైపు చూడలేదు. వలల ఎల్లేష్ భార్య పక్కకు జరిగి కూర్చుంది. బాలమల్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాడు. ఇంకొక్క పది నిమిషాలు ఆగు మామా, నా జవాబు తొవ్వల ఉంది అంది శోభారాణి. అని స్తంభం వెనక్కి పోయి కూర్చుంది.

రమేష్ కారు దిగాడు. తెల్లచొక్కా, చేతిలో స్వీటు డబ్బా. మేడ్చల్‌లో నాకు ఆన్‌లైన్ సెంటరు ఉంది, ఇప్పుడు ప్లాట్ల పని కూడా చూస్తున్న అని పరిచయం చేసుకున్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన దాన్ని మొహమాటం అనుకున్నాడు. ఫోన్ తీసి, కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.

"బొచ్చె కిష్టయ్య గారు ఎవలు? జెల్ల రాజయ్య గారు వచ్చిన్రా? పరక పోచయ్య? గీ బంగారుతీగ భారతమ్మ ఎవలమ్మా?"

బుచ్చవ్వ కర్ర ఊతం చేసుకుని లేచింది.

"వాళ్ళందరు చెరువుల ఉన్నరు సారూ," అంది. "వల దెమ్మంటవా?"

మొదట నవ్వింది సల్ల ఎల్లేష్. తర్వాత షెడ్డంతా. రమేష్ కూడా ఏమీ అర్థం కాక నవ్వాడు. శోభారాణి స్తంభం వెనక నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డప్పుడు ఆయన నవ్వు ఒక్కటే ఆగిపోయింది.

"గీ జాబిత నేను బుధారం టైపు జేసిన అన్నా," అంది ఆమె. "ప్రింటు తియ్యలే. ఎవ్వలికి పంపలే. నా కంప్యూటర్ల తప్ప లోకంల యాడ లేదు. నీ ఫోన్లకెట్ల వచ్చింది?"

వాట్సాప్‌లో ఎవరో పంపారు అన్నాడు. ఎవరో చూపించు అన్నాడు లారీ ఎల్లేష్. రమేష్ ఫోన్ జేబులో పెట్టుకోబోతే బాలమల్లు చెయ్యి పట్టుకుని ఆపాడు. శోభారాణి తన ఫోన్‌లోని వీడియో అందరికీ చూపించి, ఏ ప్రోగ్రాం ఏం చేస్తోందో, దాన్ని ఎవరు ఎప్పుడు ఎక్కించారో విడమరిచి చెప్పింది. సల్ల అనే మాట ఆ అమ్మాయి నోటికి ఎలా వచ్చిందో అప్పుడు అందరికీ తెలిసింది.

రమేష్ ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, ఈ పని తానొక్కడే చేయడం లేదనీ, పొరపాటయిందనీ, పదిమందిలో ఇలా చేయొచ్చా అనీ అన్నాడు. ఆమె పలకకపోతే, పని నేర్పినవాడికి ఇదేనా బదులు అన్నాడు.

"నేర్పినవ్ అన్నా," అంది ఆమె అందరికీ వినపడేలా. "గందుకే దొరికినవ్."

ఆయన కారెక్కి పోయాడు. స్వీటు డబ్బా అక్కడే ఉండిపోయింది, ఎవరూ ముట్టలేదు. శోభారాణికి కడుపు నిండింది. దాచుకోవాల్సినంత తీపిగా ఉంది ఆ క్షణం. అయితే అది ఎంతోసేపు ఉండలేదు.

బుచ్చవ్వ మళ్ళీ కూర్చోలేదు. అలాగే నిలబడి మనవరాలిని అడిగింది.

"దొంగ దొరికిండు, మంచిగైంది. మరి మా కాయితాలు నీ డబ్బల ఎందుకున్నయే? నువ్వు చేసిచ్చినంక మాయి మాకిచ్చినవ్. లోపల ఇంకో జత ఎందుకు దాచినవ్?"

మళ్ళీ వచ్చినప్పుడు మీకు తెచ్చే పని లేకుండా అని శోభారాణి అనబోయింది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కాగితాలు తన దగ్గర ఉంటే ఇంకో సెంటరుకు పోరన్న లెక్క కూడా ఉంది. అది కూడా రమేష్ దగ్గర నేర్చిందే. నలభై మంది ముందు ఆ మాట ఒప్పుకోవడం, రమేష్‌ను పట్టించడం కన్నా కష్టమైంది. అయినా ఒప్పుకుంది.

బాలమల్లు కొంచెంసేపు చాప అంచు పీకుతూ ఆలోచించాడు. నువ్వు అమ్మలేదని తేలింది, కాగితాలు వాపస్ తీసుకోము, కానీ లోపల దాచిన జతలన్నీ మా కండ్ల ముందర తుడవాలె అన్నాడు.

శ్రీనివాస్ ఆమె చెవిలో వద్దన్నాడు. డిస్కు అలాగే పోలీసులకు ఇస్తే కేసు గట్టిగా నిలుస్తుంది, తుడిస్తే రమేష్ తప్పించుకోవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. డిస్కు ఉంచితే రమేష్ దొరుకుతాడు, తుడిస్తే వీళ్ళు తనతో నిలుస్తారు. రెండూ కావాలని ఉంది. రెంటిలో రమేష్ వైపే మనసు ఎక్కువగా లాగింది. కానీ పోలీసులకు ఇచ్చే డిస్కులో సల్ల ఎల్లేష్ చిన్న బిడ్డ వివరాలూ పోతాయి, సహస్ర ఫోటో పోతుంది, ఇంకెందరి చేతులు మారుతుందో తెలియదు. సరే అంది.

అందరూ లేచి దుకాణానికి నడిచారు. ఆమె ముందు ఆ దొంగ ప్రోగ్రాం నకలు, అది ఏం చదివిందో చూపే వివరాలు, అంతవరకే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంది. తర్వాత డిస్కు మొత్తం తుడవడం మొదలుపెట్టింది. పైపైన కొట్టేస్తే ఫైలు నిజంగా పోదనీ, ప్రతి చోటా సున్నాలు రాయాలనీ, అందుకు మూడు గంటలు పడుతుందనీ చెప్పింది. వాళ్ళు ఫుట్‌పాత్ మీద, బస్టాండు బెంచీల మీద కూర్చుని మూడు గంటలూ చూశారు. రెండేళ్ళుగా ఆమె కూడబెట్టుకున్న పత్రికల నమూనాలు, అర్జీల నమూనాలు కూడా అందులోనే పోయాయి. ఆమె వద్దనలేదు.

పని అయిపోయాక లారీ ఎల్లేష్ గోడకు ఆనుకుని అడిగాడు. "మన దగ్గరిది పోయింది. ఆయన దగ్గరిది?"

దానికి పోలీసు ఫిర్యాదు ఒక్కటే దారి అంది ఆమె. చేతిలో మిగిలిన ఆధారం పలచన అని కూడా దాచకుండా చెప్పింది. సాక్ష్యం గట్టిగా ఉండాలంటే ఫోన్లు వచ్చినవాళ్ళు స్వయంగా సంతకాలు పెట్టాలి అంది. వలల ఎల్లేష్ భార్యే అందరికన్నా ముందు వచ్చింది. పొద్దున పక్కకు జరిగిన మనిషి ఆమె.

సోమవారం పొద్దున, రాత్రే విండోస్ మళ్ళీ ఎక్కించిన ఖాళీ డిస్కు మీద శోభారాణి మొదట రాసింది ఆ ఫిర్యాదే. తేదీలు, గంటలు, నోటుబుక్కులో ఉన్నవి ఉన్నట్టు. పదకొండు మందీ సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. ఏ ఎల్లేష్ ఎవరో తెలియాలి కదా అని, ఎవరి పేరుకు వాళ్ళ పిలుపు పేరు చేర్చమన్నారు. చేర్చింది.

ట్రాలీ ఆటోలో అందరూ ఎక్కాక, తన చీర కొంగు షామియానాలా నెత్తిన కప్పుకుంటూ బుచ్చవ్వ అడిగింది, పోలీస్ స్టేషన్ ఇక్కడే పక్కనే ఉండగా మేడ్చల్ దాకా ఎందుకే అని.

"గాడ ఇస్తేనే మంచిది అవ్వా," అంది శోభారాణి. తర్వాత డ్రైవరు భుజం తట్టి, మెయిన్ రోడ్డు మీద కాదు, రమేష్ దుకాణం ముందు నుంచి పొమ్మంది. అక్కడికి వచ్చాక మెల్లగా పొమ్మంది. ఆయన షట్టరు ఎత్తుతున్నవాడల్లా చప్పుడు విని వెనక్కి తిరిగాడు. పదకొండు మంది సంతకాలున్న కాగితాన్ని ఆమె రెండు చేతులతో ఎత్తి, ఆయన మొహం కనబడినంతసేపూ అలాగే పట్టుకుంది.